దేముడమ్మకు చెప్పిన మాట

దేముడమ్మ నోట్లో పుండు సంగతి మొట్టమొదట కనిపెట్టింది కోడలు గౌరీశ్వరి. పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదో సంవత్సరం, మాఘమాసం వెళ్ళిపోతున్న రోజులు. మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారని దేముడమ్మ తగరపువలస పక్కనున్న ఊరి నుంచి విశాఖపట్నం వచ్చి, కంచరపాలెంలో కొడుకింట్లో ఉంది. కూరలో కాస్త కారం పడితే కంచం పక్కకు తోసేస్తోంది. చల్లన్నం కూడా ఒక పక్కనే నమిలి, మింగేటప్పుడు కళ్ళు మూసుకుంటోంది. ఏదీ నోరు తెరువు అంటే తెరవలేదు.

"పొగ తాగే నోరు, పొక్కితే పొక్కుద్ది. దానికింత సూడ్డమేటి?" అంది.

ఆ పక్క ఊళ్ళలో చాలామంది ఆడవాళ్ళలాగే దేముడమ్మది అడ్డపొగ. చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, చేతిలో పని ఆగకుండా గంటలకొద్దీ లాగేది. నాట్లేసేటప్పుడు వానకి నిప్పు ఆరిపోకుండా ఉంటుందని పన్నెండో ఏట తల్లి దగ్గర నేర్చుకుంది. మొగుడు పోయినా, ఉన్న ఎకరన్నర ఒంటిచేత్తో సాగుచేసి ఇద్దరు పిల్లల్ని ఒడ్డెక్కించినా, యాభై నాలుగో ఏడు వచ్చినా, నోట్లో చుట్ట మాత్రం దిగలేదు.

మూడోనాడు పొద్దున్న పెరట్లో ఆమె పుక్కిలించి ఉమ్మితే నీళ్ళు ఎర్రగా పడ్డాయి. గౌరీశ్వరి చెంబు కింద పెట్టి, అత్తగారి గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పింది. అంగిట్లో ఎడమవైపు రూపాయి బిళ్ళంత మేర తెల్లగా గట్టిపడి, నడుమ గుంటపడి ఉంది.

కొడుకు శ్రీరామ్మూర్తి పోర్టులో ఫిట్టరు. ఆ రోజుకి సెలవు పెట్టి తల్లిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. పది రోజుల తరవాత రమ్మన్నారు. ఆ పదిరోజుల్లోనూ దేముడమ్మ ఊరికి వెళ్ళి మినుములు నూర్చుకుని వచ్చింది.

ఫలితం చెప్పేరోజు శ్రీరామ్మూర్తితోపాటు అతని బావ, దేముడమ్మ అల్లుడు గురునాథరావు కూడా వచ్చాడు. భీమునిపట్నంలో స్కూలు మాస్టరు. చదువుకున్నవాడని ఇంట్లో పెద్ద విషయం ఏదైనా అతన్నే అడుగుతారు. దేముడమ్మని బయట బల్లమీద కూర్చోబెట్టి మగవాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు. గౌరీశ్వరి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమెను ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఇది క్యాన్సర్," అన్నాడు పెద్ద డాక్టరు. "మందులతో పోయేది కాదు. పై దవడ ఎడమ సగం, అంగిలితో సహా తీసెయ్యాలి. లోపల ఎంతవరకు పాకిందో కోస్తేగాని తెలీదు. ఆ పక్క కన్ను కూడా తియ్యాల్సి రావచ్చు. తీస్తే కొన్నేళ్ళు బతకొచ్చు. తియ్యకపోతే ఏడాది గడవడం కష్టం."

"కరెంటు పెడితే తగ్గుతుందంటారు గదండీ?" అన్నాడు గురునాథరావు.

"రేడియేషనా? తగ్గుతుంది. మళ్ళీ వస్తుంది."

బయటికొచ్చాక వరండా చివర గురునాథరావు గొంతు తగ్గించి చెప్పాడు. "అత్తయ్యకి ఇదంతా చెప్పకండి. భయంతోనే సగం పోద్ది. పుండు గోకీత్తారు, చిన్న కోత అని చెప్దాం. అయిపోయాక ఆవిడే అలవాటు పడిపోద్ది."

శ్రీరామ్మూర్తి నేల చూస్తూ, "అలగే బావ," అన్నాడు. తరవాత భార్యవైపు తిరిగి, "ఇన్నావుగా. నోరు జారకు," అన్నాడు.

ఆడవాళ్ళ వార్డులో తోడుండడానికి ఆడమనిషే కావాలి. ఆడపడుచుకి నెలలు నిండాయి. పిల్లలిద్దర్నీ పక్కవాటా వాళ్ళకి అప్పజెప్పి గౌరీశ్వరే ఆసుపత్రిలో ఉండిపోయింది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో అత్తా కోడలూ అన్ని రోజులు ఒక్కచోట ఉన్నది అదే మొదలు. ఇద్దరికీ మాటలు తక్కువ.

ఆ తక్కువకి కారణం ఉంది. గౌరీశ్వరి మొదటి కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. బాలింతగా ఉన్నప్పుడు, విజయనగరం అవతలి పుట్టింటి ఊళ్ళో ఆమె తండ్రి పాము కరిచి పోయాడు. కబురు దేముడమ్మకి అందింది. పచ్చి బాలింత, పాలు ఎగిరిపోతాయని చెప్పి, ఇంట్లో ఎవర్నీ నోరు మెదపనివ్వలేదు. రోజూ కోడలికి పథ్యం వండి పెడుతూ, "మీ నాన్న కబురెట్టినాడు, బాగున్నాడట," అనేది. పదకొండో రోజు దాటాక చెప్పింది. గౌరీశ్వరి ఏడవలేదు. ఆ పదకొండు రోజులూ తాను నవ్వుతూ తిన్న అన్నం మాత్రం మరిచిపోలేదు.

ఇప్పుడు అదే అత్తగారికి గంజి పోస్తూ, "సిన్న కోతే అత్తా," అని తాను చెబుతోంది.

దేముడమ్మ మంచానికి ఎదురుమంచం మీద నూకాలని ఒకామె ఉండేది. ఆమెదీ అడ్డపొగ నోరే. కోత జరిగి మూడు వారాలైంది. ముఖం ఒక పక్క లోపలికి పడిపోయింది. పక్కనున్న కూతురు చిన్న గొట్టంతో గంజి పోస్తే సగం ముక్కులోంచి వచ్చేది. మాట్లాడితే గాలే వినపడేది. పళ్ళసెట్టులాంటి బిళ్ళ ఒకటి చేసి అంగిట్లో పెడతారనీ, అప్పుడు మాటా, తిండీ కొంత నయమవుతాయనీ నర్సమ్మ చెప్పింది. దేముడమ్మ ఆ మంచంకేసి చాలాసేపు చూసేది.

"ఆవిడికేటైంది?" అని అడిగింది ఒకరోజు.

"పళ్ళు కుళ్ళిపోయాయట," అంది గౌరీశ్వరి.

"ఎన్ని పళ్ళు?"

గౌరీశ్వరి గుడ్డేదో పడిపోయినట్టు వంగి మంచం కింద చూసింది.

గురువారం ఆపరేషన్ అన్నారు. శ్రీరామ్మూర్తి సోమవారం వచ్చి కాగితాల మీద సంతకం పెట్టాడు. తల్లి కాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని, డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయాడు. బుధవారం మధ్యాహ్నం ఒకతను వచ్చి దేముడమ్మని గోడ పక్కన నిలబెట్టి, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటోలు తీశాడు. ఆమె చీర సర్దుకుని, బొట్టులేని నుదురు కొంగుతో తుడుచుకుని నిలబడింది. జన్మలో అదే మొదటిసారి ఫొటో తీయించుకోవడం.

తీశాక మంచం ఎక్కలేదు. వరండాలోకి నడిచి కటకటాల దగ్గర కూర్చుంది. ఎండ దిగుతోంది. దూరంగా సముద్రంలో రేవులో చోటు దొరకని ఓడలు నాలుగు లంగరేసి ఉన్నాయి. గౌరీశ్వరి వెనకాలే వెళ్ళింది.

"పుండు గోకడానికి మొకం ఫొటో ఏలే?" అంది దేముడమ్మ.

"అందరికీ తీత్తారట."

"అందరికీ తియ్యనేదు. ఆ జొరం మనిసికి తీసారా? కాలిరిగినావిడికి తీసారా? నూకాలుకి తీసారట. దాని కూతురు సెప్పింది." వార్డులోకి ఓసారి చూసింది. "తీసినప్పుడు ఇలగ నేదట ఆవిడి మొకం."

గౌరీశ్వరి ఓడలవైపు చూసింది. మొగుడి మాట, మాస్టరి మాట అన్నీ గుర్తున్నాయి. ఒక్క రాత్రి గడిస్తే పొద్దున్నే మత్తు ఇచ్చేస్తారు. ఆ తరవాత చెప్పడానికి ఏమీ మిగలదు.

"రేపు నానూ అలగే అవుతానా?" అంది దేముడమ్మ. కోపంగా అనలేదు. సంతలో ధర అడిగినట్టు అడిగింది.

గౌరీశ్వరి చెప్పేసింది. జబ్బు పేరు చెప్పింది. పై దవడ సగం తీసేస్తారని, కన్ను పోవచ్చని, తీస్తే కొన్నేళ్ళు, తియ్యకపోతే ఏడాదని డాక్టరు అన్న మాటలు అన్నట్టే చెప్పింది. బిళ్ళ పెడతారని కూడా చెప్పింది. ఒక్కటి దాచలేదు, ఒక్కటి కలపలేదు. చెబుతున్నప్పుడు ఆమె గొంతు వణకలేదు. అది ఎందుకు వణకలేదని తరవాత చాలా ఏళ్ళు ఆమె తనని తాను ప్రశ్నించుకుంది.

దేముడమ్మ ఆఖరిదాకా వింది. తరవాత, "ఎప్పుడు తెలిసింది నీకు?" అంది.

"ముక్క పరీచ్చ వొచ్చిన దినం."

"పదిహేను దినాలు. ఇన్ని దినాలూ నా పక్కన కూకుని అన్నం తిన్నావు."

గౌరీశ్వరి తల వంచుకుంది. నాన్న సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. అనలేదు. అనకపోయినా దేముడమ్మకి అందినట్టే ఉంది. కోడలి ముఖం ఒకసారి చూసి చూపు తిప్పుకుంది.

"ఆడు సెప్పలేడు," అంది కొడుకుని తలుచుకుని. "నువ్వు సెప్పగలిగావు. నువ్వు నా కడుపున పుట్నేదు గావాల."

ఆ మాటలో మెచ్చుకోలుందో, దెప్పుందో గౌరీశ్వరికి తెలియలేదు.

గురువారం పొద్దున్న స్ట్రెచరు వస్తే దేముడమ్మ ఎక్కలేదు. చిన్న డాక్టరమ్మ వచ్చి బతిమాలింది. అన్నీ తెలుసని అర్థమయ్యాక మంచం మీద పక్కనే కూర్చుని, మొదటిసారి ఆమెతోనే మాట్లాడింది. ఆపరేషన్ చేస్తే మంచిదమ్మా అంది.

"సేత్తే బతుకుతానని రాసిత్తావా తల్లీ?"

"రాసివ్వలేనమ్మా. అవకాశం ఎక్కువ అంటాను."

"నూకాలుకి కూతురు గంజి పోత్తాది సూడు. పోసి మొకం తిప్పీసుకుంతాది. మంచి పిల్లే. అయినా తిప్పీసుకుంతాది. నాను సూసాను. నాకొద్దు."

కబురందుకుని శ్రీరామ్మూర్తి డ్యూటీ గుడ్డల్లోనే పరిగెత్తుకొచ్చాడు. మధ్యాహ్నానికి గురునాథరావూ దిగాడు. చెప్పింది ఎవరో కనుక్కోవడానికి ఎంతోసేపు పట్టలేదు. గౌరీశ్వరే ఒప్పుకుంది.

"నీకెవరిచ్చారమ్మా ఆ పెత్తనం? డాక్టర్లు చెప్పడం మానేసారు, కన్నకొడుకు మానేసాడు, నువ్వు చెప్పేత్తావా?" అన్నాడు గురునాథరావు. శ్రీరామ్మూర్తి భార్యని ఏమీ అనలేదు. ఆమెకేసి చూడనేలేదు.

"దాన్నేటంటారు?" అంది దేముడమ్మ మంచం మీంచి. "నన్నడగండి. నోరు నాది."

సొంత ఇష్టం మీద ఆపరేషన్ వద్దంటున్నానని రాసిన కాగితం మీద వేలిముద్ర వేసింది. కరెంటు మాత్రం పెట్టించుకోవడానికి ఒప్పుకుంది. అది కొడుకు కోసం ఒప్పుకుంది.

చైత్రమంతా అత్తాకోడళ్ళిద్దరూ కంచరపాలెం నుంచి ఆసుపత్రికి బస్సులో తిరిగారు. ఆదివారాలు తప్పించి ఇరవై అయిదు రోజులు. చెంప మీద ఊదారంగు సిరాతో గీతలు గీసి, కడగొద్దన్నారు. బస్సులో జనం ఆ గీతలకేసి చూస్తే దేముడమ్మ కొంగు కప్పుకోకుండా అలాగే కూర్చునేది. మందపాటి తలుపు వెనక ఆమెని ఒక్కదాన్నే బల్లమీద పడుకోబెట్టి అందరూ బయటికి వచ్చేసేవారు. "నొప్పుండదు. ఏటీ ఉండదు. అందరూ నన్నొగ్గీసి పారిపోతారు, అదొక్కటే," అని చెప్పింది మొదటిరోజు.

మూడోవారానికి నోరంతా పచ్చిపుండైంది. ఉమ్మి మింగడానికి కూడా ఏడ్చేది. గౌరీశ్వరి గంజిని రెండుసార్లు గుడ్డలో వడగట్టి, చల్లార్చి, చెంచాతో పోసేది. పోస్తున్నంతసేపూ అత్తగారి ముఖంలోకే చూసేది. చూపు తిప్పకూడదని పట్టుదలగా చూసేది. ఒకరోజు దేముడమ్మ చెంచా పక్కకు తోసి, "అలగ గుడ్లప్పగించి సూడకే. నానేటి తప్పించుకుపోతానా?" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే ఆమెకి నొప్పెట్టింది.

శ్రీరామ్మూర్తి ఇంట్లో ఉన్నా మాటల్లేవు. కావలసింది కూతురితో చెప్పించేవాడు. "అమ్మని కూరొండమను." "అమ్మని తువ్వాలిమ్మను." అంతే.

కరెంటు పనిచేసింది. జ్యేష్ఠం వచ్చేసరికి పుండు మానింది. దేముడమ్మ ఊరెళ్ళిపోయింది. చోడి అంబలి తాగగలిగింది, మెత్తన్నం తినగలిగింది. చుట్ట మానేసింది. గోగునార ఒలిచేవాళ్ళ పక్కన కూర్చుని అజమాయిషీ చేసింది. కూతురికి పుట్టిన మనవణ్ణి కాళ్ళమీద వేసుకుని నీళ్ళుపోసింది. ఆ మూడు నెలలూ చూసి శ్రీరామ్మూర్తి మనసు కొంచెం మెత్తబడింది. ఒక సాయంత్రం భార్యతో నేరుగా, "ఉల్లిపాయలు అయిపోయినట్టున్నాయి," అన్నాడు. గౌరీశ్వరి లోపలికెళ్ళి ఆ మాటకి ఏడ్చింది.

భాద్రపదంలో చెంప ఉబ్బింది. ఆశ్వయుజానికి కన్ను ముందుకు తోసుకొచ్చి మూతపడడం మానేసింది. మెడలో గడ్డలు లేచాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే, మళ్ళీ కరెంటు పెట్టకూడదు, కోయడానికి దాటిపోయింది అన్నారు. నొప్పికి మాత్రలిచ్చి పంపేశారు.

గౌరీశ్వరి పిల్లల్ని తీసుకుని ఊరెళ్ళిపోయింది. ఆఖరి నెలన్నర అక్కడే ఉంది. చెంపకి చిల్లు పడింది. రోజుకు ఆరేడుసార్లు గుడ్డలు మార్చి, ఉడకబెట్టి ఆరేసేది. వాసనకి ఇరుగుపొరుగు గుమ్మం దాకా వచ్చి అక్కణ్ణుంచే పలకరించి వెళ్ళేవారు. ఈగలు రాకుండా పాత దోమతెర కట్టింది. ఆదివారాలు శ్రీరామ్మూర్తి వచ్చేవాడు. వస్తే తల్లి మంచం పక్కన కొద్దిసేపు కూర్చుని, తరవాత కల్లంలోకి వెళ్ళి ఒక్కడే నిలబడేవాడు. తిరిగి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉండేవి.

కార్తీకం మొదట్లో ఒక మధ్యాహ్నం గౌరీశ్వరి కట్టు విప్పుతోంది. దేముడమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. మాట అప్పటికే ముద్దముద్దగా వచ్చేది. గౌరీశ్వరికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

"గౌరీ. కోయించీసుకుంటే బాగున్ను గావాల."

గౌరీశ్వరి చేతులు ఆగిపోయాయి.

"నూకాలు లాగుంటే ఏటి," అంది దేముడమ్మ. "ఆవిడి ఏ మూలో బతికే ఉంతాది. ముక్కంట గంజి కారితే కారుద్ది. అప్పుడు తెలీనేదు. సావంటే అంత బేగి సచ్చిపోడమే అనుకున్నాను."

"నాను సెప్పకపోతే..." అంది గౌరీశ్వరి.

"సెప్పకపోతే కోసీసేవోరు. లేసి సూసుకుని మీ అందర్నీ తిట్టేదాన్ని." ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు తిట్టుకోడానికి నానే ఉన్నాను."

ఆమె ఒంటికన్ను కోడలి మీదే ఉంది. వేళ్ళు ఇంకా వదల్లేదు.

"ఆడితోని అనకు," అంది. "ఆడికిది తెలిస్తే నిన్ను ఏలుకోడు."

గౌరీశ్వరి సరేనని తల ఊపి, మిగతా కట్టు విప్పింది. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో కడిగి, పొడిగుడ్డ చుట్టింది. ఆ రోజంతా ఇద్దరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తరవాత కూడా ఎత్తలేదు.

పౌర్ణమి వెళ్ళిన నాలుగోరోజు తెల్లవారాక దేముడమ్మ పోయింది. పెద్ద కేక లేదు, పెనుగులాట లేదు. గౌరీశ్వరి మంచినీళ్ళ చెంచా పెదవికి ఆనిస్తే నీళ్ళు అలాగే పక్కకు జారిపోయాయి.

సంక్రాంతి లేకుండానే ఆ ఏడు గడిచిపోయింది. మాఘంలో కంచరపాలెం ఇంటికి ఆసుపత్రి నుంచి అచ్చువేసిన కార్డు ఒకటి వచ్చింది. దేముడమ్మ అనే రోగి పరీక్షకు రాలేదనీ, రాలేని పక్షంలో కారణం రాసి పంపమనీ అందులో ఉంది. శ్రీరామ్మూర్తి డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. 'చనిపోయారు' అని రాశాడు. తేదీ దగ్గర ఆగాడు.

"ఏ తారీకు?" అన్నాడు.

గౌరీశ్వరి చెప్పింది. అతను రాసి, కలం మూత పెట్టి, కార్డుని అటూ ఇటూ తిప్పాడు. వంటింట్లో అన్నం ఉడుకుతోంది. పిల్లలు వీధిలో ఉన్నారు.

"నువ్వు ఆఖరు దాకా ఉన్నావు," అన్నాడు తలెత్తకుండా. "అమ్మ ఎప్పుడన్నా అనుకుందేటి? కోయించుకుంటే బాగున్నని?"

ఏడాది కిందట వరండాలో ఒక్క మాట దాచలేకపోయిన మనిషి గౌరీశ్వరి. ఆ రోజు చెప్పింది జాలితోనో, పాత కచ్చతోనో ఇప్పటికీ ఆమెకి తేలలేదు. అతను అడుగుతున్నది ఎందుకో మాత్రం తెలుసు. ఆపరేషనుకి ఒప్పుకుంటూ సంతకం పెట్టింది అతనే. తల్లిని బలవంతాన ఎత్తి బల్ల మీద పడుకోబెట్టించి ఉండాల్సిందేమోనని ప్రతిరాత్రీ పక్కమీద దొర్లుతున్నాడు.

"నేదు," అంది.

"ఒక్కసారీ అన్నేదా?"

"నేదండి. నా నోరు నాకుంది, అది సాలు అన్నాది."

అతను చాలాసేపు ఆమెకేసి చూశాడు. నమ్మాడో, నమ్మాలనుకున్నాడో. తరవాత పెద్ద ఊపిరి ఒకటి వదిలి, కార్డు చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అన్నం పెట్టు," అన్నాడు.

గౌరీశ్వరి లోపలికి వెళ్ళి గంజి వార్చింది. ఆవిరి ముఖానికి కొడుతుంటే పక్కకు జరగకుండా, గిన్నె చివరిదాకా ఖాళీ అయ్యేవరకు అలాగే పట్టుకుని నిలబడింది.